డీలో ఉంటే పోదు

జగ్గయ్యపేటలో దేవరాజ్ ఫోటో స్టూడియోకి ఒక సూత్రం ఉంది. కంప్యూటర్‌లో సీ డ్రైవ్‌లో ఏమీ పెట్టకూడదు, అంతా డీలోనే. కంప్యూటర్‌కి ఏ జబ్బు చేసినా బజారులో రిపేరు చేసేవాళ్ల దగ్గర ఉన్న మందు ఒకటే, ఫార్మాట్. అంటే సీ డ్రైవ్ తుడిచేసి విండోస్ మళ్లీ ఎక్కించడం. డీ జోలికి ఎవరూ వెళ్లరు. అందుకే పెళ్లిళ్లు, బాప్తిస్మాలు, ఓణీల ఫంక్షన్లు అన్నీ డీలో చల్లగా ఉండేవి. దేవరాజ్ కూతురు క్రిస్టీ ఈ మాట వింటూనే పెరిగింది.

ఈమధ్య పాత విండోస్‌కి అప్‌డేట్లు ఆగిపోయాయి. కొత్త విండోస్‌ని స్టూడియో కంప్యూటర్ మోయలేదు. విజయవాడ కాలేజీలో, విండోస్‌కి బదులు ఉచితంగా దొరికే లినక్స్ రుచి చూసొచ్చిన క్రిస్టీకి ఇంతకన్నా మంచి అదను దొరకదనిపించింది. పెన్‌డ్రైవ్ పెట్టినప్పుడల్లా వైరస్ గోల ఉండదు, దొంగ కాపీ అని తెర మీద పరువు తియ్యదు, పరిగెత్తుతుంది! రోజూ ఇదే పోరు పెడితే దేవరాజ్ మెత్తబడ్డాడు. వత్సవాయిలో బాప్తిస్మం షూటింగుకి బయల్దేరుతూ బండి మీద నుంచే అన్నాడు.

"ఏదో ఒకటి చెయ్యవే తల్లీ. నందిగామ పెళ్లి మాత్రం జాగ్రత్త. కెమెరా కార్డులు ఖాళీ చేసేసా, ఇవాళ్టికి కావాలని."

"డీలో ఉందిగా డాడీ."

"అయితే భయం లేదు."

క్రిస్టీ లినక్స్ ఉన్న పెన్‌డ్రైవ్ పెట్టింది. డిస్క్ తుడిచి ఎక్కించమంటావా అని లినక్స్ అడిగింది. అక్కడ సీ అనీ లేదు, డీ అనీ లేదు. తుడవడం అంటే ఫార్మాట్, ఫార్మాట్ అంటే సీ. నొక్కేసింది. కాఫీ తాగి వచ్చేసరికి కొత్త తెర మెరుస్తూ కనబడింది. ఆ ఊపులో అప్‌డేట్లన్నీ దించింది, వీడియో మిక్సింగ్ సాఫ్ట్‌వేర్ దించింది, విండోస్‌కి టాటా అని వాట్సాప్‌లో స్టేటస్ పెట్టింది. ఇక నందిగామ పెళ్లి తెరుద్దామని డీ కోసం చూసింది.

డీ లేదు.

ఎక్కడో దాక్కుని ఉంటుందని ప్రతి ఫోల్డరూ తెరిచింది. చివరికి డిస్క్‌లో భాగాలు చూపించే బొమ్మ తెరిచి చూస్తే మొత్తం ఒకటే ముక్క, అంతా లినక్సే. సీ, డీ రెండూ ఒకే డిస్కులో మధ్యన కట్టిన గోడకి ఇటూ అటూ ఉంటాయని ఆమెకి తెలియక కాదు. పరీక్షలో రాసింది కూడా. నొక్కే క్షణంలో మాత్రం పుస్తకం గుర్తుకు రాలేదు, డాడీ మాట గుర్తొచ్చింది.

సరిగ్గా అప్పుడే సాయిప్రియ ఫోన్ చేసింది. నందిగామలో హోల్‌సేల్ కిరాణా కొట్టున్న చెన్నకేశవరావు కూతురు, ఆ పెళ్లి ఆమెదే. పెళ్లయిన కొద్ది రోజులకే ఆమె తాతయ్య దశరథరామయ్య పోయాడు. అప్పగింతలప్పుడు ఆయన మనవరాలి తల దగ్గరికి లాక్కుని ఏదో చెప్పాడు. ఏడుపులో, బాజాల హోరులో ఆమెకి వినబడలేదు. తర్వాత అడిగితే, వీడియోలో చూసుకోవే అని నవ్వాడట. రేపు పెద్దకర్మ, చుట్టాలంతా వస్తున్నారు.

"ఆ ఒక్క ముక్క ఇవ్వు చాలు క్రిస్టీ. మిగతాది నిదానంగా చేసుకోండి."

"తెస్తా అక్కా." నోరు ఆ మాట అనేసింది.

నెట్‌లో ఎక్కడ చూసినా ఒకటే సలహా. ముందు కంప్యూటర్ ఆపెయ్, ఏమీ ఎక్కించకు, కొత్తగా దించిన ప్రతిదీ పాతదాని మీద కూర్చుంటుంది. ఆమె అప్పటికే దించాల్సిందంతా దించేసింది. మిక్సింగ్ సాఫ్ట్‌వేర్ ఏ పెళ్లి మీద కూర్చుందో, ఎవరి తాళి మీద కూర్చుందో. పక్క వీధి బెన్ని దగ్గర ఖాళీ హార్డ్ డిస్క్ అడిగి తెచ్చి, మళ్లీ పెన్‌డ్రైవ్ మీద నుంచే లినక్స్ నడిపి, పోయిన ఫైళ్లని తవ్వించడం మొదలుపెట్టింది. అవి పేర్లు లేకుండా వచ్చాయి. ఒకదాంట్లో సగం పందిరి, ఒకదాంట్లో తల లేని పెళ్లికూతురు, మిగతావి పచ్చ గళ్లు.

దేవరాజ్ వచ్చాడు. విన్నాడు. హెల్మెట్ తియ్యడం కూడా మర్చిపోయి స్టూల్ లాక్కుని కూర్చున్నాడు. చీర అంచులు, స్టేజీ పూలు చూసి ఏది ఎవరిదో గుర్తుపట్టసాగాడు.

"ఇది పెనుగంచిప్రోలుది. కాదు, ముందుకి పో."

ఆ పెద్దాయన ఏమన్నాడో నీకైనా వినబడిందా అని క్రిస్టీ భయంభయంగా అడిగింది. ఫోకస్ చూసుకుంటూ ఉన్నానని, మాట ఎటూ రికార్డవుతుంది కదా అనుకున్నానని చెప్పి ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

వెతగ్గా వెతగ్గా సాయంత్రానికి అప్పగింతలు దొరికాయి. బొమ్మ ఉంది. మాట లేదు, దాని చోట గరగర. తెలిసిన ప్రతి ఉపాయం చేసి చూసింది. గరగరే.

తెల్లారి బస్సులో చిల్లకల్లు దాటుతుంటే, దిగి వెనక్కి వెళ్లిపోదామా అనిపించింది. నందిగామలో చెన్నకేశవరావు ఇంటి హాల్లో పెద్దాయన ఫోటోకి దండ వేసి ఉంది. వంటవాళ్ల చప్పుడు, చుట్టాలు. క్రిస్టీ తెచ్చిన లాప్‌టాప్ చుట్టూ అందరూ చేరారు. తెర మీద దశరథరామయ్య మనవరాలి తల దగ్గరికి తీసుకున్నాడు. పెదాలు కదిలాయి.

"సౌండు పెంచమ్మా," అన్నాడు చెన్నకేశవరావు.

"ఇంతేనండి."

జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆయనకి కోపం వచ్చేముందు అయోమయం వచ్చింది.

"డీలో పెట్టలేదా? డీలో ఉంటే పోదు కదా."

"డీలోనే ఉందండి."

ఆయన లేచి బయటికి వెళ్లిపోయాడు. సాయిప్రియ తల్లి బాలామణి తెర దగ్గరికి వంగింది. ఏడవకే పిచ్చిమొద్దా అన్నాడని, ఆయన ఊతపదం అదేనని ఆవిడ వాదన. కాదు, మళ్లీ ఎప్పుడొస్తావే అన్నాడని మేనత్త. పెదాలు చూసి ఇద్దరూ గట్టిగానే పోట్లాడుకున్నారు.

సాయిప్రియ ఆ గొడవలో కలవలేదు. క్రిస్టీ వైపు తిరిగింది.

"అప్పగింతల్లో లైటు నువ్వే కదా పట్టుకున్నావు. పక్కనే ఉన్నావు. నువ్వు విన్నావా?"

అప్పుడు పక్కనే ఉంది. ఒక చేతిలో లైటు, రెండో చేతిలో ఫోన్. ఫోన్‌లో ఏ రకం లినక్స్ మంచిదో చదువుతోంది. ఇప్పుడు హాలంతా ఆమె నోటి వంకే చూస్తోంది. చల్లగా ఉండు తల్లీ అన్నాడని చెబితే ఎవరు కాదంటారు? ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. సాయిప్రియ బతికినంతకాలం దాన్ని దాచుకుంటుంది. అదీ డీలో పెట్టినట్టే.

"వినలేదక్కా."

సాయిప్రియ తెర వైపు తిరిగింది.

"మళ్లీ పెట్టు," అంది.

క్రిస్టీ మళ్లీ పెట్టింది. గరగరలో పెద్దాయన పెదాలు కదులుతుంటే, సాయిప్రియ తన పెదాలు కూడా అలాగే కదుపుతూ, చప్పుడు లేకుండా, వెతుక్కుంటోంది.