దొరసాని పడుకున్న వేళ

గుర్రపు స్వారీ నేర్పే బడిలో ముప్ఫయ్యేళ్లుగా గుర్రాలను చూసుకునే ఆయనకు కూతురి ప్రదర్శన ఒక పట్టాన మింగుడు పడలేదు. కథ లేదు, పాట లేదు. ఖాళీ హాలు మధ్యలో ఆమె నిలబడుతుందట, కళ్లెం, తాడు లేకుండా దొరసానిని వదిలేస్తారట, ఆ తర్వాత గుర్రం ఏం చేస్తే అదే ప్రదర్శనట. దొరసాని అంటే పదమూడేళ్లుగా ఆయన చేతుల్లో పెరిగిన ఎర్రటి ఆడగుర్రం. రెండేళ్ల కిందట ఈ కూతురినే తన్ని పక్కటెముక విరగ్గొట్టిన ఘనత కూడా దానిదే.

మళ్లీ తంతే? ఆ భయంతోనే ఆయన తలుపు దగ్గర కాపలా ఉంటానన్నాడు. కూతురు ఒప్పుకుంది కానీ ఒక షరతు పెట్టింది: నాలుక చప్పుడు చేయకూడదు. ఆయన నాలుక టక్కుమనిపిస్తే చాలు, దొరసాని ఎక్కడున్నా ఆయన దగ్గరికి వచ్చేస్తుంది. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, ఇంట్లో భార్యనూ అలాగే పిలిచి చీవాట్లు తిన్నాడు. రిహార్సల్లో రెండుసార్లు తెలియకుండానే టక్కుమనిపించి అంతా చెడగొట్టాడు. చివరికి కూతురే ఒక పిప్పరమెంటు బిళ్ల ఆయన నోట్లో పెట్టి, "నాన్నా, ఇది కరిగేదాకా నీ నాలుకకి సెలవు" అంది.

ఆ సాయంత్రం వందమంది గోడల వెంట నేలమీద కూర్చున్నారు. దొరసాని హాలంతా ఒక చుట్టు తిరిగింది, ఒకావిడ చేతిసంచి వాసన చూసింది, నడిమధ్యన తీరిగ్గా లద్దె వేసింది. ఎవరో కిసుక్కుమన్నారు. అంతలో ఎవరిదో స్టీలు సీసా ఖంగున కిందపడింది. దొరసాని చెవులు వెనక్కి విరిచింది, వెనక కాలు ఎత్తింది. కూతురు దానికి రెండడుగుల దూరంలో ఉంది.

ఆయన పిలిస్తే గుర్రం వచ్చేస్తుంది, కూతురి ఏడాది కష్టం మట్టిపాలవుతుంది. నాలుక లేవబోయింది కూడా. సరిగ్గా అప్పుడే కూతురు కళ్లు మూసుకుని మెల్లగా నేలమీద పడుకోవడం చూశాడు. బిళ్లను పళ్ల మధ్య నొక్కిపట్టాడు.

గుర్రం కాలు దించింది. కూతురి జుట్టు వాసన చూసింది, విరిగి అతుక్కున్న ఎముక దగ్గర మూతి ఆనించి ఊపిరి వదిలింది. తర్వాత ముందు మోకాళ్లు వంచి, అంత పెద్ద ఒళ్లూ దించి, ఆమె పక్కన ఒరిగింది. తల నేలకు ఆన్చి కళ్లు మూసింది. ఆ ఇద్దరి ఊపిరీ గోడదాకా వినిపించింది.

కాసేపటికి హాలు మేనేజరు పక్కకొచ్చి, వేళ మించిపోయింది, లేపండని గొణిగాడు.

"లేపను సార్" అన్నాడాయన మెల్లగా. "గుర్రం భయం లేనిచోటే పడుకుంటుంది. రాత్రి పడుకున్నప్పుడు దాని ఒంటికంటిన గడ్డి రోజూ పొద్దున్నే దులిపేది నేనే. కానీ ఇన్నేళ్లలో నా అడుగు వినబడితే లేచి నిలబడటమే. నా ముందు ఒక్కసారి కూడా పడుకోలేదు."

దగ్గరికెళ్లి చూడాలని ఆయన ప్రాణం కొట్టుకుంది. అయినా ఒక్క అడుగు కూడా వేయలేదు.