అన్నింటికీ 'ఆఁ'

ఒక పెద్ద వంటశాలలో మాంసం దాచే చలిగది ఉండేది. అందులోకి సరుకు మోసే మనిషిని అందరూ మంచివాడనేవారు. ఎవరేం చెప్పినా నవ్వుతూ "ఆఁ" అని తల ఊపేవాడు మరి. అక్కడ నాలుగైదు భాషలు వినబడేవి. అతనికి వచ్చింది ఒక్క తెలుగే.

అక్కడే కూరగాయలు తరిగే భార్య పోరేది. "పొద్దస్తమానం తల ఊపుతావేంటి బావా? ఒక్క ముక్కైనా నేర్చుకోరాదూ?"

"చాల్లేవే. మూటలు మోసేది భుజం, నాలుక కాదుగా!"

ఆ వారం చలిగది తలుపుకి అడ్డంగా ఎవరో ఖాళీ పెట్టె పెడుతున్నారు. ఇతనికి శుభ్రం ఎక్కువ. కనబడగానే కాలితో పక్కకు నెట్టేవాడు. మాంసం కొట్టే పొడుగాయన పరుగున వచ్చి, పెట్టెను మళ్ళీ అక్కడే పెట్టి, తలుపు లోపలి పిడి చూపిస్తూ ఏదో చెప్పేవాడు. "ఆఁ, ఆఁ" అనేవాడు ఇతను. మనసులో మాత్రం, 'వీడికి పెట్టె తీయడానిక్కూడా బద్ధకమే' అనుకునేవాడు.

ఒక మధ్యాహ్నం పొడుగాయన భోజనానికి వెళ్ళాడు. ఇతను పెట్టెను నెట్టేసి లోపలికి నడిచాడు. వెనకాల తలుపు దభీమని పడింది. సరుకు దింపి పిడి లాగితే చేతికి ఊడి వచ్చింది.

గుద్దాడు. అరిచాడు. మందపాటి తలుపు, పైన పంకా హోరు. వేళ్ళు కొయ్యబారాయి. కాసేపటికి బయట ఎవరో తలుపు తట్టి ఏదో అడిగారు. పోయిన ప్రాణం లేచొచ్చింది. అలవాటుగా నోటికి వచ్చిందే గట్టిగా అరిచాడు.

"ఆఁ! ఆఁ!"

ఆ తర్వాత మాట లేదు. తలుపూ తెరుచుకోలేదు.

గోడవారన కూలబడ్డాడు. అతని కేకలు అర్థమయ్యే మనిషి అక్కడ ఒక్కతే. ఆమె ఎక్కడో ఉల్లిపాయలు తరుగుతోంది.

తిండికి రాని మొగుణ్ణి వెతుక్కుంటూ ఆమే బయల్దేరింది. వచ్చీరాని మాటలతో పొడుగాయనను అడిగింది. చేతిలో తిండి వదిలేసి అతను పరిగెత్తాడు.

అతణ్ణి బయటికి లాగి, దుప్పట్లు కప్పి పొయ్యి పక్కన కూర్చోబెట్టారు. పొడుగాయన రొప్పుతూ చెప్పిందంతా భార్య తెలుగులో చెప్పింది.

"లోపలి పిడి పాడైందట బావా. తలుపు మూసుకుపోకుండా ఆ పెట్టె పెట్టాడట. వారం నుంచీ చెప్తూనే ఉన్నాడట."

"మరి... తలుపు తట్టిందెవరు?"

గిన్నెలు కడిగే ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ ఏదో అంది. భార్య దుప్పటిని అతని మెడదాకా లాగింది.

"'అంతా బాగానే ఉందా?' అని అడిగిందట. దానికీ నువ్వు 'ఆఁ' అన్నావట."

అతను పొడుగాయన ముఖంలోకి చూశాడు. ఈసారి తల ఊపలేదు.

"ఒసే, 'నాకు అర్థం కాలేదు' అని వీళ్ళ భాషలో ఎలా అంటారే?"

చదివే అయ్యలారా, అమ్మలారా, తల్లి భాష మనకు ఇల్లు. పక్కవాడి భాషలో నాలుగు మాటలు ఆ ఇంటికి తలుపు. తలుపు లేని ఇల్లు ఎంత సొంతమైనా చలిగదే.