మంచు గీయడం రాని కార్డు

ఆదివారం భోజనాలయ్యాక మరదలు తన పనిగది తలుపు తీసి, "వదినా, ఒకసారి ఇలా రండి. మీ లారీ నడుస్తోంది," అని పిలిచింది.

అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. బల్ల పొడవునా ఉన్న మానిటర్ మీద ఆ ఎర్ర లారీ నిలబడి ఉంది. చిన్నప్పుడు తనూ తమ్ముడూ ఒకే కుర్చీలో చెరో సగం సర్దుకుని, కొండదారిలో సరుకులు మోయించిన లారీ. తమ్ముడు పోయాక అతని బట్టల అలమరలో ఆ గేమ్ సీడీ బయటపడింది. దాన్ని ఎలాగైనా నడిపించాలని మరదలు అప్పటినుంచీ తంటాలు పడుతోంది.

ఇంకా పునాది కూడా పడని ఇళ్ళను కంప్యూటర్‌లో కట్టి, కిటికీలోంచి ఎండ పడడంతో సహా కొనేవాళ్ళకు చూపించడం ఆమె ఉద్యోగం. అందుకోసం ఈమధ్యే ఇటుకంత గ్రాఫిక్స్ కార్డు ఒకటి పెట్టించుకుంది.

"దీనికి మీ గేమ్ ఓ లెక్కా వదినా? ఏనుగు చేత అగ్గిపెట్టె మోయించినట్టుంది. ఫ్యాన్ కూడా తిరగట్లేదు చూడండి."

అక్క చూస్తున్నది వేరే. "మంచేమయిందే?"

"ఏ మంచు?"

"దారంతా పొగమంచుండేది. లారీకి నాలుగడుగుల అవతల తెలుపు తప్ప ఏమీ ఉండేది కాదు. ఇదేమిటి, ఎవరో తుడిచేసినట్టు!"

మరదలు నెట్‌లో వెతికి సంగతి తెలుసుకుంది. అప్పటి కార్డులకు దూరాన ఉన్నవన్నీ గీసే ఓపిక లేదు. అందుకని గేమ్ తయారుచేసినవాళ్ళు మంచు దింపి, గీయలేనిదాన్ని దాని వెనక దాచేశారు. ఆ మంచును గీసే పాత పద్ధతి కొత్త కార్డుల్లో లేదు. ఇంత పెద్ద కార్డుకూ ఆ ఒక్కటీ చేతకాదు.

"మంచిదేగా," అంది మరదలు. "ఇప్పుడన్నీ కనిపిస్తున్నాయి. చూసేయొచ్చు."

"ఏం చూడాలి?"

"ఆ ఇల్లు."

వంతెన దగ్గర మంచులో ఒక ఇల్లుందనీ, దాని కిటికీలో దీపం వెలుగుతోందనీ, పక్కన ఎవరో నిలబడి ఉన్నారనీ తమ్ముడు చెప్పేవాడు. అక్క ట్యూషన్‌కు వెళ్ళిన పూట ఒక్కడే ఆడుతూ చూశాడట. "కోతలు కొయ్యకురా," అనేది ఆమె. మీసాలొచ్చినా వాడు మాట మార్చలేదు. పెళ్ళయిన కొత్తలో భార్య ముందే, "లోకమంతా నమ్ముతుంది నన్ను, మా అక్క తప్ప," అని ఫిర్యాదు చేశాడు.

"వద్దులేవే," అంది అక్క. "ఇప్పుడెందుకు?"

ఇల్లు లేకపోతే దెబ్బలాడడానికి వాడు లేడు. ఉంటే, ఓడిపోయానని ఒప్పుకోవడానికీ లేడు. ఇన్నేళ్ళుగా ఎటూ తేలని ఆ గొడవ ఒక్కటీ వాడు బతికున్నట్టే మిగిలి ఉంది.

మరదలు మానిటర్ వైపే చూస్తూ అంది. "కడుపులో నొప్పి వట్టి గ్యాసేనన్నారు ఆయన, వదినా. నమ్మాను. నవ్వుతూ చెబుతుంటే ఎలా నమ్మకుండా ఉంటాను? ఆయన చెప్పినవాటిలో ఏది నిజమో, ఏది నన్ను ఊరుకోబెట్టడానికో ఇక ఎవర్నడగను? ఇదొక్కటైనా తేల్చుకోనివ్వండి."

అక్క పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుంది. "ఆ కీబోర్డ్ ఇలా తే."

ఆమె డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతుంది. బొమ్మ లారీని కూడా రోడ్డుకు ఎడమవైపునే, మలుపు మలుపుకూ నెమ్మది చేస్తూ నడిపింది.

"హారన్ కూడా కొడతారేంటి వదినా, ఎదురుగా ఎవరూ లేరుగా?"

"లేరని నీకేం తెలుసు? నోరు మూసుకుని కూర్చో."

వంతెన వచ్చింది. అవతల చెట్లు, బండలు, రోడ్డు పక్క పసుపు బోర్డులు. వాటి వెనక పచ్చటి నేల కొంతదూరం పోయి, కత్తెరతో కోసిన గుడ్డలా ఆగిపోయింది. ఆపైన ఏమీ లేదు.

"లేదు," అంది మరదలు. గేమ్ మూసెయ్యడానికి మౌస్ అందుకుంది.

అక్క ఆ చేతిని పట్టుకుంది. "ఆగు. నేనెప్పుడూ రోడ్డు దిగలేదు. వాడు దిగేవాడు, ఏటిలోకి కూడా. ఆ మంచు మళ్ళీ తెప్పించే దారేం లేదా?"

"ఉందిట. కొత్త కార్డు చేత పాత కార్డులా నటింపజేసే సాఫ్ట్‌వేరు. కానీ లేనిల్లు మంచులో ఎక్కణ్ణుంచి వస్తుంది?"

"రాకపోతే పోనీ. వాడు చూసినట్టు చూశాక అను, అబద్ధమని."

మరదలు ఆ సాఫ్ట్‌వేరు దింపి, ఏవేవో మార్చి, గేమ్ మళ్ళీ తెరిచింది. ఈసారి లారీ ముందు తెల్లగా గోడ కట్టినట్టు మంచు దిగింది. అక్కకు ఆ ఒక్క కుర్చీ గుర్తొచ్చింది. పాత కంప్యూటర్ డబ్బా మోకాళ్ళకు తగిలించే వేడి, కాలిన దుమ్ము వాసన, భుజానికి ఒత్తుకునే వాడి ఎముకల భుజం. మంచులోకి వెళ్ళగానే ఇద్దరూ గొంతులు తగ్గించేవాళ్ళు, లోపల ఎవరో వింటారన్నట్టు. ఇప్పుడు మరదలు కూడా గుసగుసగానే అడిగింది, "ఎటు?"

వంతెన ముందర అక్క జన్మలో మొదటిసారి రోడ్డు దిగింది. లారీ ఊగుతూ ఏటి గట్టు వాలులోకి జారింది. అక్క స్పేస్ బార్ నొక్కిపట్టి బ్రేకు వేసింది.

పైన, మంచులో, పసుపుపచ్చటి చదరం ఒకటి వెలుగుతోంది. దాని మీద నల్లటి ఇంటికప్పు. పక్కన సన్నగా ఒక నీడ, మనిషంత ఎత్తు.

అక్క తెరకు దగ్గరగా వంగి చూసింది.

"మలుపు బోర్డది," అంది చివరికి అక్క. "రోజూ నా దగ్గరికొచ్చేవాళ్ళ చేత బట్టీ పట్టిస్తాను. వెనక నల్లది బండ. ఆ నీడ పక్క బోర్డు తాలూకు స్తంభం. ఇందాక దాని పక్కనుంచే పోయాం, పది బోర్డుల్లో ఒకటిలా ఉంది, మన కంటికి ఆనలేదు."

"అయితే ఆయనకి..."

"వాడికి ఇల్లే కనిపించింది. కనిపించిందే చెప్పాడు వెధవ."

మరదలు చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో అక్కకు తెలియలేదు. ఆమే తేరుకుని, "ముందుకు పోనివ్వకండి," అంది. "ఇంకొంచెం దగ్గరకెళితే బోర్డయిపోతుంది."

"ఆపే ఉంచాను. వాలులో ఉన్నాం, వేలు తీస్తే జారిపోతుంది."

"నొప్పెడితే చెప్పండి వదినా. దాచకండి."

"చెబుతాలే."

కిటికీ వెలుగుతూనే ఉంది. కాసేపటికి అక్క నిజంగానే చెప్పింది. మరదలు చెయ్యి చాచి, లారీ కదలకుండా, ఆమె వేలి పక్కనే తన వేలు పెట్టి నొక్కింది.