కొలిమి దగ్గర హెల్మెట్

మా నాన్న నాకిచ్చిపోయిన వాటిలో మిగిలింది ఈ ఒత్తయిన జుట్టొక్కటే. అలాంటిది దువ్వెన పెడితే చాలు, ముందువైపు వెంట్రుకలు ఊడి చేతికొస్తుంటే ఎవరికైనా ఒళ్ళు మండదా? పైగా నుదుటి మీద, హెల్మెట్ పట్టీ ఆనేచోట, చీము మొటిమలు. ఈ వయసులో మొటిమలేంటండీ! కాలేజీకి వెళ్ళే కూతురికి లేవు, నాకొచ్చాయి.

చేసిందెవరో నాకు తెలుసు. మా బావమరిది.

మేమిద్దరం గాజుసీసాల ఫ్యాక్టరీలో పనిచేస్తాం. కొలిమి దగ్గర మనిషికో హెల్మెట్ ఉండదు, చోటుకో హెల్మెట్ ఉంటుంది. పొద్దుటి షిఫ్టులో వాడు పెట్టుకున్నదే మధ్యాహ్నం నేను పెట్టుకోవాలి. అందుకునేసరికి లోపలి పట్టీ తడిగా ఉంటుంది. వాడి బుగ్గల నిండా మొటిమల మచ్చలు, నడినెత్తిన జుట్టు పలచన. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

"మీ తమ్ముడు నాకు అంటించాడే" అన్నాను మా ఆవిడతో.

"అవును మరి, వాడికి వేరే పనేం లేదు. మీ నెత్తి మీద కక్ష కట్టాడు" అంటూ తమ్ముణ్ణి వెనకేసుకొచ్చింది.

సరే, నా జాగ్రత్తలో నేనుండాలి కదా. ఒక ప్లాస్టిక్ కవరు తలకు బిగించి, దాని మీద హెల్మెట్ పెట్టుకోవడం మొదలుపెట్టాను. వాడి చెమట చుక్క కూడా నన్ను తాకకూడదు. షిఫ్టు అయ్యేసరికి కవరులోంచి నీళ్ళు కారేవి. మొటిమలు తగ్గకపోగా చెవుల వెనక్కి పాకాయి. అంటే వాడు ఇంకేదో చేస్తున్నాడన్నమాట!

ఒకరోజు ముందుగానే వెళ్ళి పెట్టెల చాటున నిలబడ్డాను. వాడు హెల్మెట్ వెల్లకిలా పట్టుకున్నాడు. అటూ ఇటూ చూశాడు. జేబులోంచి చిన్న సీసా తీసి, లోపలి పట్టీకి ఏదో పూశాడు. అడ్డంగా దొరికిపోయాడు! ఒక్క అంగలో వెళ్ళి సీసా లాక్కుని, వాణ్ణి సూపర్‌వైజరు ముందు నిలబెట్టాను.

"వీడికి అంటురోగం ఉంది సార్. కావాలనే నాకు పూస్తున్నాడు."

సూపర్‌వైజరు సీసా వాసన చూసి దూరం జరిగాడు. "తేలేదాకా పనిలోకి రాకు. ఆలస్యమైతే నీ చోటులో వేరేవాణ్ణి పెట్టుకుంటాం" అన్నాడు వాడితో.

వాడు నావైపు తిరిగి, "బావా, నువ్వేనా ఈ మాటనేది?" అన్నాడు. అంతే. గట్టిగా నాలుగు తిట్టినా బాగుండేది.

విషయం తెలిసి మా ఆవిడ నన్ను నిలువునా కడిగేసింది. సీసాతో సహా నన్ను ఊళ్ళో ఉన్న ఒక్కగానొక్క చర్మం డాక్టరు దగ్గరికి ఈడ్చుకెళ్ళింది. నేనూ ఉత్సాహంగానే వెళ్ళాను, వాడి బండారం బయటపడుతుంది కదా అని.

డాక్టరమ్మ సీసా చూసి నవ్వింది. "ఇది మందు సబ్బు నీళ్ళు. మీ బావమరిదికి నేనే ఇచ్చాను. 'మా బావ కూడా అదే హెల్మెట్ పెట్టుకుంటాడు, ఆయనకేమీ కాకూడదు' అంటే పట్టీ కూడా దీంతో తుడవమన్నాను."

"మరి దొంగచాటుగా ఎందుకు?"

"ఫ్యాక్టరీలో మీవాళ్ళంతా నవ్వుతారట."

ఆ తడి చెమట కాదన్నమాట.

"అయితే నాకు అంటించిందెవరు?" అన్నాను, ఇంకా పట్టు వదలకుండా.

"ఎవరూ కాదు. దీనికి కారణమైన బ్యాక్టీరియా అందరి చర్మం మీదా ఉండేదే. జిడ్డు తిని బతుకుతుంది, మామూలుగా మన జోలికి రాదు. చెమటా జిడ్డూ లోపలే మగ్గితే పెరిగిపోతుంది. వెంట్రుకల కుదుళ్ళు వాచి చీము పడతాయి, జుట్టు రాలుతుంది. మీ బావమరిది నెత్తి పలచబడటం వేరు, అది వాళ్ళ వంశంలోదే. ఇంతకీ తలకేమైనా చుడుతున్నారా?"

"ప్లాస్టిక్ కవరండీ" అంది మా ఆవిడ.

"హెల్మెట్ వేడికి మొదలైనదాన్ని మీరే పెంచి పోషించారు" అంది డాక్టరమ్మ.

సిగ్గుతో చచ్చిపోయాను. అటునుంచి అటే ఫ్యాక్టరీకి వెళ్ళి, తప్పంతా నాదేనని సూపర్‌వైజరు కాళ్ళావేళ్ళా పడ్డాను. దేవుడి దయవల్ల వాడి చోటులో ఇంకా ఎవరినీ పెట్టలేదు.

వాడు తిరిగి వచ్చేసరికి షిఫ్టులు మారాయి. పొద్దున నాది, మధ్యాహ్నం వాడిది. నా పని అయ్యాక ఆ మందు సబ్బు నీళ్ళతో పట్టీ అంతా శుభ్రంగా తుడిచి, అందరూ చూస్తుండగానే హెల్మెట్ వాడి చేతికిచ్చాను.

వాడు తడి పట్టీని వేలితో తాకి చూశాడు. జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి తలకు బిగించాడు.

"ఒరేయ్, వద్దురా! నా తల పాడైంది దాంతోనే. పట్టీ నేనే తుడిచాను కదరా!"

"నువ్వేం పూశావో నాకేం తెలుసు బావా" అని, హెల్మెట్ పెట్టుకుని కొలిమివైపు వెళ్ళిపోయాడు.