పక్క స్టేషన్ లాగేసిన గొంతు

"బాపూ, మేమిద్దరం..."

జమున గొంతు మూడోసారి తెగిపోయింది. ఆ వెంటనే ట్రాక్టరు మీది స్పీకరులో సినిమా పాట మొదలైంది.

ఆ స్పీకరుకు కలిపిన రేడియో ముందు మోకాళ్ల మీద కూర్చున్న అమర్‌సింగ్ పళ్లు కొరికాడు. పంతొమ్మిదేళ్ల కూతురు, ఆమె స్నేహితురాలు నీరజ వాగు అవతల చిక్కుకుని గంట దాటింది.

తీజ్ పండుగ ఆఖరి రోజది. తొమ్మిది రోజులు బుట్టల్లో పెంచిన గోధుమ నారును వాగులో కలపడానికి తండా ఆడపిల్లలంతా టేకుమట్ల దాపునున్న ఈ వాగుకు వచ్చారు. పాట ఎత్తుకునేది జమునే కాబట్టి తీగ లేని మైకు ఆమె చేతిలో ఉంది. ఎగువన ఎక్కడో చెరువు కట్ట తెగి నీళ్లు ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. మిగతా పిల్లలు ఇటు పరుగెత్తారు. ఆ ఇద్దరూ అటు పరుగెత్తారు. అందరి ఫోన్లూ తడవకుండా ట్రాక్టరు డబ్బాలో పెట్టారు. ఇంకా అక్కడే ఉన్నాయి.

వాన తెరకు అవతలి గట్టు కనబడదు. వాగు హోరులో కేక వినబడదు. మిగిలింది ఆ మైకు ఒక్కటే. అందులో మాట్లాడితే రేడియోలో ఎఫ్ఎం స్టేషన్‌లా పడుతుంది. అమర్‌సింగ్ వెదురు కర్రకు రాగి తీగ కట్టి పైకెత్తాడు కాబట్టి ఆ మాత్రమైనా అందుతోంది.

ఫైర్ స్టేషన్ నుంచి వచ్చిన దేవేందర్ పక్కన వంగాడు. "అన్నా, పడవ ఒక్కటే ఉన్నది. గీ వడికి ఒక్కసారి వదిలితే కిందికే పోతది, మల్ల మీదికి రాదు. పిల్లలు కింద మోటరు షెడ్డు కాడ ఉన్నరా, మీద మామిడి తోటల ఉన్నరా? పది నిమిషాలు చూస్త. లేకుంటే షెడ్డు దిక్కే పోత. పక్కా కప్పు ఉన్నది గాడనే కద."

"ఏందయ్యా!" అంది అమర్‌సింగ్ భార్య రామి. "మండలం మొత్తం రేడియోలు బాగ చేసినోనివి, కన్నబిడ్డ మాట పట్టలేకపోతివి!"

"మైకు సచ్చిపోలేదే. ఏదో గుంజుకపోతున్నది."

అమర్‌సింగ్ రేడియోలో స్టేషన్ మార్చే చక్రం తిప్పాడు. ముల్లు వేలెడు జరిగింది. పాట మాత్రం జరగలేదు, ఉన్నచోటే గట్టిగా వినిపిస్తోంది. అతనికి అప్పుడు అర్థమైంది. ఆ పాటను ఎవరో పట్టుకుని కూర్చున్నారు. ఆ ఎవరో తానే.

ఎఫ్ఎం రేడియోలో ఒక చిన్న ఏర్పాటు ఉంటుంది. స్టేషన్ కొంచెం అటూ ఇటూ జరిగితే కనిపెట్టి, రేడియోను దాని వెంటే జరుపుతుంది. మెకానిక్‌లు దాన్ని ఏఎఫ్‌సీ అంటారు. కొన్ని పాత సెట్లకు దాన్ని ఆపే స్విచ్ వెనకవైపు ఉంటుంది. తండా ముసలివాళ్లు తెలియక ఆ స్విచ్ నొక్కేసి, స్టేషన్ జారిపోతోందని మొగుళ్లపల్లిలోని అతని దుకాణానికి వచ్చేవాళ్లు. వాళ్లను మాటిమాటికి తిప్పడం ఇష్టంలేక, చేతికొచ్చిన ప్రతి సెట్‌లోనూ అమర్‌సింగ్ స్విచ్ పీకేసి తీగలు కలిపేశాడు. పట్టు కూడా కాస్త పెంచాడు. ఈ సెట్టూ అంతే.

లోపలి బ్యాటరీ తగ్గేకొద్దీ మైకు రేడియోలో తన చోటు నుంచి జారుతోంది. జారి జారి ఒక పెద్ద స్టేషన్ పక్కకు చేరింది. పక్కనే బలమైన గొంతు దొరకగానే రేడియో బలహీనమైన దాన్ని వదిలేస్తోంది.

అమర్‌సింగ్ సెట్టు బోర్లించి వెనక మూత ఊడబీకాడు. కటింగ్ ప్లయర్ దుకాణంలోనే ఉండిపోయింది. అప్పట్లో తాను కలిపిన ఆకుపచ్చ తీగను గోటితో పైకి లాగి పంటికింద పెట్టాడు.

"అన్నా, ఆగు! ఉన్నది గూడ పోతది!" అరిచాడు దేవేందర్.

"పట్టుకునేది పోతే నేనే పట్టుకుంట సారూ."

తీగ పుటుక్కున తెగింది. పాట వణికి, గరగరలోకి జారింది. చెయ్యి దగ్గరికి తెస్తేనే స్టేషన్ కదిలిపోతోంది. అమర్‌సింగ్ ట్రాక్టరు డబ్బాలోంచి ప్లాస్టిక్ దువ్వెన తీసి, దాని పళ్లను చక్రం గీతల్లో ఆనించి నెట్టాడు. ఒక పన్ను. ఇంకో పన్ను. పాట సన్నబడింది. ఆ అవతలి అంచున, గరగర అడుగున, తండా భాషలో ఒక గొంతు.

"...ఇంటున్నడో లేడో! ఎప్పుడు జూసినా రేడియోలతోనే సంసారం. బిడ్డ పిలిస్తే మాత్రం పలుకడు..."

రామి కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

"ఏమంటున్నది?" తండా భాష రాని దేవేందర్ తొందరపెట్టాడు.

"నన్ను తిడుతున్నది సారూ. జర ఆగుండ్రి."

గొంతు మళ్లీ జారింది. దువ్వెన మరో పన్ను వెంబడించింది.

"మామిడి తోటల ఉన్నం. నీరజ కాలు మడతవడ్డది. షెడ్డు దిక్కు ఎవ్వలు రావొద్దు. కరెంటు తీగ తెగి నీళ్లల్ల పడ్డది. ఇంటున్నరా? షెడ్డు దిక్కు రావొద్దు!"

అమర్‌సింగ్ ఒక్కో మాటా తెలుగులో చెప్పాడు. దేవేందర్ గిర్రున పడవ వైపు తిరిగాడు. పడవ అప్పటికే షెడ్డుకు ఎదురుగా కట్టి ఉంది.

"ముందు సబ్‌స్టేషన్‌కు ఫోన్ కొట్టి లైన్ బంద్ చేయించుండ్రి! పడవను మీదికి మోసుకపోదం, పట్టుండ్రి!"

పది మంది పడవను భుజాలకెత్తుకుని ఎగువకు పరుగెత్తారు. అమర్‌సింగ్ కదల్లేదు. కూతురు వినేవాళ్లున్నారో లేరో తెలియకుండానే మాట్లాడుతోంది. నీరజకు ధైర్యం చెబుతోంది, మధ్యలో వానను తిడుతోంది. అతను పన్ను పన్నుగా ఆమె వెంటే నడిచాడు.

"నీరజా, గటు జూడు... పడవే!"

తర్వాత గరగర. దువ్వెన ఎటు జరిపినా గరగరే. బ్యాటరీ అయిపోయింది.

"ఏమైందయ్యా?" రామి అతని భుజం కుదిపింది.

"పడవను జూసింది. అంతవరకు ఇన్న. ఇగ ఇయ్యాల మనకు తెలిసేది గంతే."

అర్ధగంట గడిచింది. వాన కాస్త పలచబడింది. వాళ్లున్న చోటికి దిగువన, వంపు దగ్గర పడవ ముక్కు గట్టుకు తగిలింది. దేవేందర్ నీరజను ఎత్తుకుని దిగాడు. వెనక, నడుందాకా బురదతో జమున.

అమర్‌సింగ్ లేవబోయాడు. కాళ్లు తిమ్మిరెక్కి ట్రాక్టరు చక్రం పట్టుకోవాల్సి వచ్చింది. జమునే పరుగెత్తుకుంటూ వచ్చింది.

"గంతసేపు ఒర్రిన బాపూ! ఇనవడ్డదా?"

"ఇనవడ్డది బిడ్డా. తిట్లు గూడ."

"అయ్యో!" జమున నాలుక కరుచుకుంది. "గవి ఎవ్వలన్న ఇన్నరా?"

"స్పీకరుల పెట్టినం గదా," అంది రామి, కూతురి తల తుడుస్తూ. "తండా మొత్తం ఇన్నది."