ఎదురు నూగు

పొద్దున ఎనిమిదింటికి సైరన్ మోగగానే అక్క మగ్గం పక్కనున్న ఎత్తు స్టూలెక్కి పాట అందుకునేది. ఆమె గొంతు తగిలితే చాలు, మామూలు నూలు గుడ్డ మీద నూగు లేచి మఖమల్ అయ్యేది. జోలపాటకి పిల్లి చెవుల మెత్తదనం, హుషారు పాటకి గుర్రం మూతి నునుపు, విరహానికి ఎర్రపువ్వు రేకు. మిల్లులో అదేం వింత కాదు. మగ్గాలు తిరుగుతాయి, అక్క పాడుతుంది, అంతే.

గుడ్డ కత్తిరించే చెల్లెలికి మాత్రం ఇంకో సంగతి తెలుసు. గుడ్డ మెత్తబడేకొద్దీ అక్క గొంతు గరుకెక్కుతోంది. ఇంటికి చేరేసరికి మిగిలేది గుసగుసే. ఐదేళ్ల కూతురికి తల్లి గొంతంటే ఆ బొంగురే.

"ఇక పాడనని చెప్పెయ్యవే. వాళ్లు మెత్తగా కూర్చోవడానికి నీ గొంతు అరగాలా?"

"చెప్తే కూడెవరు పెడతారే, నీ నినాదాలా?" అక్క నవ్వి నీళ్లు తాగింది. "ఈ నాటకశాల తెరలొక్కటీ కానీ. తర్వాత పాపకి కడుపునిండా పాడతా."

తెరలు కాలేదు. ఆఖరి గుడ్డ తానుకి జోలపాట పాడుతుండగా ఆమె గొంతు దారం తెగినట్టు తెగింది. మళ్లీ అతకలేదు.

"అయ్యో పాపం," అన్నాడు సూపర్‌వైజర్. స్టూలు తీయించేశాడు. "చెల్లెమ్మా, ఉన్న గుడ్డన్నా చూసి కొయ్యి."

కన్నీళ్లలో ఏం చూస్తుంది? నూగు కిందికి వాలాల్సిన ముక్కని తలకిందులుగా కోసింది. కొత్తగా చేరినవాళ్లు కూడా చెయ్యని తప్పు. పనికిరాదని విసిరేసిన ఆ ముక్కని సాయంత్రం ఇంటికి తెచ్చింది.

పాప దాన్ని వాలువెంట నిమిరింది. ఏమీ లేదు. ఎదురు నిమిరింది. గదంతా జోలపాట లేచింది.

"ఎవరు పిన్నీ, ఇంత బాగా పాడుతోంది?"

పిన్ని అక్క వైపు చూసింది. అక్క తన గుండె మీద చెయ్యి వేసుకుని చూపించింది.

"పోమ్మా! నీది బొంగురు గొంతుగా!"

నిమిరినచోటల్లా నూగు రాలిపోతోంది. చెల్లెలు ఆపబోతే అక్క ఆమె చెయ్యి పట్టుకుంది. నిమరనీ అన్నట్టు. దీపాలు పెట్టే వేళకి గుడ్డ బోడిదైంది. పాట ఆగింది.

పాప ఆగలేదు. విన్న వరసనే కూనిరాగం తీసింది. దాని వేళ్ల కింద, బోడి గుడ్డ మీద, లేత నూగు మొలిచింది.

అక్క ఒక్క ఉదుటున కూతురి నోరు మూసింది. గింజుకున్నా తియ్యలేదు. చెల్లెలు గబగబా వెళ్లి కిటికీ తలుపులు వేసింది.