ఇంటి బట్టలు ఆఖరున

తెల్లారేసరికి ఇస్త్రీ ఆవిడ కొట్టు ముందు మూటలు కొండలా పేరుకునేవి. అబద్ధమెందుకు, కొండ కంటే జానెడు ఎక్కువే. ఆవిడ ఇస్త్రీ చేస్తే, మొగుడు మేడలన్నీ ఎక్కి ఇచ్చొచ్చేవాడు.

గుండెకి ముప్పు ముంచుకొస్తున్న మనిషి చొక్కా మీద ఆనించగానే ఆవిడ ఇస్త్రీ పెట్టె మంచుగడ్డైపోయేది. "పెట్టె చల్లారింది, ఆసుపత్రికి నడువయ్యా" అంటే ఎవరూ ఎదురు ప్రశ్న వేసేవారు కాదు. డాక్టరు కూడా చీటీ మీద 'పెట్టె చల్లారినది' అని రాసుకునే పరీక్షలు మొదలెట్టేవాడు. వీధిలో సగం మంది ఆ పెట్టె దయవల్ల బతికినవాళ్ళే. మిగతా సగం ముడతల బట్టలు వేసుకునేవాళ్ళు.

అయితే ఆ కొట్లో ఒక పద్ధతుంది. బేరం బట్టలు ముందు, ఇంటి బట్టలు ఆఖరున. ఆ ఆఖరు పదహారేళ్ళుగా రాలేదు.

"మెట్లెక్కుతుంటే రొమ్ము మీద ఎవరో కూర్చున్నట్టుందే," అన్నాడు మొగుడు ఓ పొద్దున.

"నేను తప్ప నీ మీద కూర్చునే ధైర్యం ఎవరికుంది?"

"దవడ కూడా లాగుతోంది. గ్యాసేలే."

"ఆ చొక్కా ఇలా విప్పు, ఒక్కసారి చూస్తా."

"సాయంత్రం చూద్దువుగాని. మూడో అంతస్తు వాళ్ళు తిట్టిపోస్తారు."

ఆవిడ ముందు ఇంకా నలభై చొక్కాలున్నాయి. సరేనంది. సాయంత్రానికి ఇంకో నలభై వచ్చాయి.

మర్నాడు కూర్చున్నవాడు కూర్చున్నట్టే చెమటకి తడిసి ముద్దయ్యాడు. చొక్కా మార్చుకుని మూట ఎత్తుకున్నాడు. విడిచిన చొక్కా ఆరబెడదామని ఆవిడ పెట్టె ఆనించింది. పెట్టె చల్లదనానికి చెయ్యి కొంకర్లు పోయింది.

పరుగెత్తింది. మూడో అంతస్తు మెట్ల మీద గోడకి ఆనుకుని ఉన్నాడు, మడతలు నలగకుండా మూట ఒళ్ళో పెట్టుకుని.

"నిన్న నొప్పి మొదలైనప్పుడే తీసుకొస్తే దక్కేవాడమ్మా," అన్నాడు డాక్టరు.

తర్వాత మూటలు మోసే పని మరిది అందుకున్నాడు. ఇప్పుడు పెట్టె వేడెక్కగానే ముందు ఇంటి బట్టలు.

"బేరాలు పోతాయి వదినా!"

"పోనీ."

ఏడాది తిరక్కుండానే మరిది చొక్కా మీద పెట్టె చల్లారింది.

"పొద్దుట్నుంచీ ఎడం చెయ్యి గుంజుతోంది. గ్యాసే వదినా, ఓ సోడా తాగితే..."

"ఆ మాట నా దగ్గర అనకు! లేచావంటే కాళ్ళు విరగ్గొడతా. కూర్చో."

ఒక్క అడుగు వెయ్యనివ్వలేదు. అంబులెన్సుకి ఫోను చేసి, అది రావడమే ఆలస్యం, బేరం బట్టలన్నీ వీధిలో వదిలేసి తనూ ఎక్కేసింది. గుండె రక్తనాళంలో అడ్డు తీసి బయటికొచ్చిన డాక్టరు, "సమయానికి తెచ్చారు," అన్నాడు.

తోడికోడలు ఆవిణ్ణి వాటేసుకుని భోరుమంది. ఆవిడా భోరుమంది.

ఇద్దరి ఏడుపూ ఒకందుకే అనుకుంది తోడికోడలు. "ఊరుకో అక్కా, గండం గడిచిందిగా," అంటూ ఆవిడ వీపు నిమిరింది.